విడిభాగాల ఫ్యాక్టరీల మూసివేతలు, ఉద్యోగాల కోత: తరచుగా అడిగే ప్రశ్నలు

కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, వాళ్ల ఇళ్లలోవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. చట్టాలు దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి ఏ నియమం ఏ దేశానిదో అక్కడికక్కడే చెప్పాను. నేను పదే పదే చెప్పేది ఒక్కటే. మూసివేత నిర్ణయం నోటీసు బోర్డు మీదికి రావడానికి చాలా ముందే అయిపోతుంది. కాబట్టి కంటపడే గుర్తులను ముందే చదవడం, ప్రకటన వచ్చాక తొందరపడకపోవడం, ఈ రెండూ కార్మికుడి చేతిలో ఉన్నవి.

కార్లు అమ్ముడుపోతూనే ఉన్నాయి కదా. విడిభాగాల ఫ్యాక్టరీలు ఎందుకు మూతపడుతున్నాయి?

కార్ల అమ్మకాలు వేరు, మీ ఫ్యాక్టరీకి వచ్చే ఆర్డరు వేరు. విడిభాగం ఎప్పుడూ ఏదో ఒక మోడల్ కోసం తయారవుతుంది. ఆ మోడల్ సాధారణంగా ఐదారేళ్లు, మహా అయితే ఏడెనిమిదేళ్లు నడుస్తుంది. తర్వాత వచ్చే మోడల్‌కు ఆ భాగం ఎవరు చేయాలో కార్ల కంపెనీ రెండు మూడేళ్ల ముందే తేల్చేస్తుంది. ఆ ఆర్డరు వేరే కంపెనీకి పోయినా, మీ కంపెనీకే వచ్చి వేరే దేశంలోని ప్లాంటుకు కేటాయించినా, మీ లైనుకు ఇక పని లేనట్టే. ఇవాళ మెషీన్లు నిండుగా తిరుగుతున్నాయి కదా అని ధైర్యంగా ఉండటానికి లేదు. అవి తిరుగుతున్నది పాత ఆర్డరు మీద.

దీనికి తోడు ధర తగ్గింపు ఒత్తిడి ఉంటుంది. ఒప్పందం మధ్యలోనే ప్రతి ఏడాదీ ధర ఇంత శాతం తగ్గించాలని కార్ల కంపెనీలు రాయించుకుంటాయి. ఉక్కు, కరెంటు, జీతాలు పెరుగుతుంటే అమ్మే ధర మాత్రం దిగుతూ పోతుంది. హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేసు, ప్లేటింగ్ లైను, పెద్ద ప్రెస్సు లాంటివి సగం సామర్థ్యంతో నడిపినా ఖర్చు సగం కాదు. అందుకే వాల్యూమ్ కొంచెం పడిపోయినా లాభం మొత్తం పోతుంది. అప్పుడు హెడ్డాఫీసులో రెండు ప్లాంట్లను ఒకటి చేద్దామనే మాట పుడుతుంది.

అంతా ఎలక్ట్రిక్ కార్ల వల్లేనా?

కొంతవరకే. ఎలక్ట్రిక్ కారులో పిస్టన్, ఇంజెక్టర్, స్పార్క్ ప్లగ్, సైలెన్సర్, ఇంధన ట్యాంకు, టర్బోచార్జర్ ఉండవు. చాలా గేర్లున్న గేర్‌బాక్స్ బదులు ఒకే నిష్పత్తితో నడిచే చిన్న రిడక్షన్ గేరు సరిపోతుంది. బ్రేక్ ప్యాడ్లు ఉంటాయి గానీ, వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది కాబట్టి అవి ఎక్కువ కాలం మన్నుతాయి. అంటే మార్చుకునే ప్యాడ్ల మార్కెట్ కూడా సన్నగిల్లుతుంది. సీట్లు, అద్దాలు, సస్పెన్షన్, టైర్లు, లైట్లు, వైరింగ్ చేసేవాళ్లకు ఈ మార్పు వల్ల వచ్చే దెబ్బ తక్కువ. డీజిల్ ఇంజెక్షన్, ఎగ్జాస్ట్, మాన్యువల్ ట్రాన్స్‌మిషన్ చేసేవాళ్లకే గట్టి దెబ్బ.

యూరప్‌లో 2024, 2025 సంవత్సరాల్లో విడిభాగాల కంపెనీల నుంచి వచ్చిన ప్రకటనలు చూడండి. 2028 చివరికల్లా జర్మనీలో 11,000 నుంచి 14,000 వరకు ఉద్యోగాలు తగ్గిస్తామని జడ్‌ఎఫ్ 2024 జూలైలో చెప్పింది. అదే ఏడాది నవంబరులో షెఫ్లర్ యూరప్‌లో 4,700 కొలువుల కోత ప్రకటించింది. ఆ నెలలోనే మిషెలిన్ ఫ్రాన్స్‌లోని షోలే, వాన్ టైర్ల ఫ్యాక్టరీలను మూసేస్తున్నామంది. ఆ రెంటిలో కలిపి 1,254 మంది. ఫోర్వియా ఐదేళ్లలో 10,000 వరకు తగ్గించవచ్చని 2024 ఫిబ్రవరిలోనే చెప్పింది. బాష్ 2025 సెప్టెంబరులో మరో 13,000 కొలువుల కోత ప్రకటించింది. వీటిలో టైర్ల కంపెనీ కూడా ఉందని గమనించండి. ఎలక్ట్రిక్ కారుకూ టైర్లు కావాలి, అయినా ఆ రెండు ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అక్కడ కారణాలు తయారీ ఖర్చు, కరెంటు ధర, చవక టైర్ల పోటీ.

ఎలక్ట్రిక్ కార్లు అనుకున్నంత వేగంగా అమ్ముడుపోకపోవడం కూడా కొందరిని ముంచుతోంది. కొత్త మోటార్లు, ఇన్వర్టర్ల కోసం లైన్లు వేసి కూర్చున్న కంపెనీలకు పాత ఆర్డరు తగ్గిపోయింది, కొత్తది నిండలేదు.

ఇక అప్పుల సంగతి. పెట్టుబడి సంస్థ కేకేఆర్ చేతిలో ఉన్న జపాన్ విడిభాగాల కంపెనీ కాల్సోనిక్ కన్సేయి 2019లో ఇటలీకి చెందిన మాగ్నెటి మారెల్లీని సుమారు 600 కోట్ల యూరోలకు కొని మారెల్లీగా మారింది. ఆ అప్పుల బరువుతో 2025 జూన్‌లో అమెరికాలో దివాలా రక్షణ కోరింది. ఫ్రామ్ ఫిల్టర్లు, ట్రైకో వైపర్ల యజమాని ఫస్ట్ బ్రాండ్స్ కూడా 2025 సెప్టెంబరులో అదే దారి పట్టింది. ఫిల్టర్లకు, వైపర్లకు గిరాకీ తగ్గలేదు. కంపెనీ ఆర్థిక వ్యవహారాలే కూలిపోయాయి. మా ప్లాంటు లాభాల్లో ఉంది కదా అనుకునే కార్మికులు ఇది గుర్తుంచుకోవాలి. ప్లాంటు బాగున్నా పైనున్న కంపెనీ బాగుండకపోవచ్చు.

ఎలక్ట్రిక్ కార్ల ఊసే లేని 2005-2009 మధ్య కూడా అమెరికా విడిభాగాల కంపెనీలు డెల్ఫై, కాలిన్స్ అండ్ ఐక్‌మన్, డేనా, విస్టియన్, లియర్ వరుసగా దివాలా కోర్టుకెక్కాయి. అందుకే మేనేజ్‌మెంట్ టెక్నాలజీ మార్పు అని ఒక్క మాటతో తేల్చేస్తే ఒప్పుకోకండి. ఏ ఆర్డరు పోయింది, ఎప్పుడు పోయింది, దానికి మనం ధర ఎంత కోట్ చేశాం అని అడగండి.

మూసివేత రాబోతోందని ముందే తెలుసుకోవడం ఎలా?

అఫీషియల్‌గా ఎవరూ చెప్పరు. షాప్‌ఫ్లోర్ మీద మాత్రం కనిపిస్తుంది. అన్నిటికన్నా పెద్ద గుర్తు, మీ మోడల్ తర్వాత వచ్చే మోడల్‌కు సంబంధించిన పని ఏదీ ప్లాంటులో కనిపించకపోవడం. ట్రయల్ డైలు (భాగాన్ని ఒత్తే అచ్చులు) రావు, శాంపిల్ భాగాలు కొలిచే హడావుడి ఉండదు, కొత్త ఫిక్చర్లు తయారు కావు.

తర్వాతది మెయింటెనెన్స్. అరిగిన బేరింగ్ మార్చకుండా ఇలాగే లాగించు అంటారు. స్పేర్లకు పెట్టిన ఇండెంట్లు పాసవ్వవు. రిటైరైనవాళ్ల స్థానంలో ఎవరినీ తీసుకోరు, అప్రెంటిస్‌లను ఆపేస్తారు. ఇంజినీర్లు తమంతట తామే మానేసి వెళ్లిపోతుంటారు. వాళ్లకు ఆర్డర్ల సంగతి మీకన్నా ముందు తెలుస్తుంది. వేరే ప్లాంటు నుంచి మనుషులొచ్చి మీ ప్రాసెస్‌ను వీడియో తీసి, సెట్టింగులు రాసుకుని వెళ్లడం ఇంకో గుర్తు.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా భయపడిపోవాల్సిన పని లేదు. మూడు నాలుగు కలిసి కనిపిస్తే మాత్రం యూనియన్ ద్వారా, యూనియన్ లేకపోతే పదిమంది కలిసి వెళ్లి, తర్వాతి మోడల్ ఆర్డరు ఎవరికి వచ్చిందని సూటిగా అడగండి. జవాబు దాటవేస్తే అదీ జవాబే.

మా దగ్గర ఓవర్‌టైమ్ విపరీతంగా పెరిగింది. ఇది మంచి గుర్తే కదా?

అన్నిసార్లూ కాదు. ఇది చాలామందిని మోసం చేసే గుర్తు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక భాగం తయారీని మరో ప్లాంటుకు మార్చాలంటే డైలు, మౌల్డులు అక్కడికి తరలించాలి. అవి అక్కడి ప్రెస్సు మీద కూర్చోవాలి, భాగాలు కొలతలకు రావాలి, కార్ల కంపెనీ నాణ్యతా విభాగం పరీక్షించి ఆమోదించాలి. దీనికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా కార్ల అసెంబ్లీ లైను ఒక్క గంట కూడా ఆగకూడదు. అందుకని తరలింపుకు ముందే ఆ ఖాళీకి సరిపడా సరుకు చేసి నిల్వ పెడతారు.

షాప్‌లో అది ఇలా ఉంటుంది. ఆదివారాలు కూడా షిఫ్టులు నడుస్తాయి. మామూలుగా ఏ పూటకాపూట డిస్పాచ్ అయ్యే బిన్లు ఇప్పుడు కదలవు. నడిచే దారి పక్కన పసుపు గీత దాటి మరీ పేర్చేస్తారు. బయట అద్దె గోడౌన్ తీసుకున్నారని డ్రైవర్ల ద్వారా తెలుస్తుంది. డైల మీద దుమ్ము తుడిచి, వాటికి బిగించిన రేకు నంబర్లు ఒక్కొక్కటే జాబితాతో సరిచూస్తారు. ఆ రేకు మీద చాలాసార్లు కార్ల కంపెనీ పేరే ఉంటుంది, ఎందుకంటే ఆ డై దానిదే. మీ కంపెనీ కేవలం వాడుకుంటుంది.

ఆర్డరు నిజంగా పెరిగితే సరుకు బయటికి పోతుంది. ఓవర్‌టైమ్ పెరిగి, సరుకు మాత్రం లోపలే పేరుకుపోతుంటే కారణం అడిగే సమయం అదే. కార్మికుల బేరానికి బలం ఎక్కువగా ఉండేదీ అప్పుడే. నిల్వ నిండిపోయాక మీ సంతకం ఎవరికీ అంత అవసరం ఉండదు.

పది రోజులు పని ఆపారు, సగం జీతం ఇస్తామన్నారు. ఉద్యోగం పోయినట్టేనా?

పోలేదు. ఆర్డర్లు లేకో, చిప్పులు రాకో, కార్ల కంపెనీ లైను ఆగిపోయో పని ఆపితే అది తాత్కాలిక లేఆఫ్. ఉద్యోగ సంబంధం కొనసాగుతుంది, సర్వీసు తెగదు. జర్మనీలో ఇలాంటప్పుడు పని గంటలు తగ్గించి, కోల్పోయిన జీతంలో కొంత భాగాన్ని ప్రభుత్వ ఉపాధి సంస్థ ద్వారా ఇచ్చే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. 2009లోనూ కొవిడ్ కాలంలోనూ అది లక్షల ఉద్యోగాలను కాపాడింది. లేఆఫ్ కాగితంలో తిరిగి చేరే తేదీ ఉందో లేదో చూడండి. తేదీ లేకుండా సమాచారం వచ్చేవరకు అని రాసి ఉంటే రాతపూర్వకంగా ప్రశ్నించండి.

ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి?

అమెరికాలో 1988 నాటి వార్న్ చట్టం ప్రకారం 100 మంది, అంతకు మించి ఉన్న సంస్థ ప్లాంటు మూసేముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. అక్కడ పరిహారం కచ్చితంగా ఇవ్వాలనే ఫెడరల్ చట్టం మాత్రం లేదు, అది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో ఒకేచోట 100 మందిని, అంతకు మించి తీసేస్తుంటే కనీసం 45 రోజుల ముందు, 20 నుంచి 99 మందైతే 30 రోజుల ముందు సంప్రదింపులు మొదలుపెట్టాలి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 1998 నాటి సామూహిక తొలగింపుల ఆదేశం ఉంది. కార్మిక ప్రతినిధులతో నిజంగా చర్చించాలి, ప్రభుత్వాధికారులకు తెలియజేయాలి.

భారతదేశంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 300 మంది, అంతకు మించి ఉన్న ఫ్యాక్టరీ మూయాలంటే ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోవాలి. పాత చట్టంలో ఈ హద్దు 100. మధ్యస్థాయి ఫ్యాక్టరీలు ఇప్పుడు అనుమతి పరిధి దాటి బయటికి వచ్చేశాయి. విడిభాగాల రంగంలో అలాంటివే ఎక్కువ కాబట్టి ఈ మార్పు చిన్నదేం కాదు. పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలన్నది మాత్రం అలాగే ఉంది.

నోటీసు ఇవ్వకపోతే ఏమవుతుంది? ఇటలీలో జరిగింది చెబుతాను. ఫ్లోరెన్స్ పక్కన కాంపి బిసెన్‌జియోలో జీకేఎన్ యాక్సిల్ షాఫ్టుల ఫ్యాక్టరీ ఉండేది. 2021 జూలై 9న అక్కడి 422 మందికి ఈమెయిల్‌లో సమాచారం వచ్చింది, ఫ్యాక్టరీ మూసేస్తున్నామని. కార్మికులు లోపలికి వెళ్లి కూర్చున్నారు. సెప్టెంబరులో ఫ్లోరెన్స్ కోర్టు, యూనియన్‌తో సంప్రదించకుండా మొదలుపెట్టిన ఆ ప్రక్రియ చెల్లదని చెప్పింది. ఆ తీర్పుతో తొలగింపులు ఆగాయి, బేరానికి సమయం దొరికింది. యాక్సిల్ తయారీ మాత్రం తిరిగి మొదలవలేదు. కోర్టు తీర్పు సమయాన్ని ఇవ్వగలదు, ఆర్డరును తెచ్చివ్వలేదు.

ఈ వారంలోపు సంతకం పెడితే ఎక్కువ ప్యాకేజీ అంటున్నారు. పెట్టేయాలా?

అక్కడికక్కడ పెట్టకండి. గడువు చిన్నగా పెట్టేది మీరు లెక్క వేసుకోకుండా ఉండటానికే. అమెరికాలో 40 ఏళ్లు దాటినవాళ్లను మూకుమ్మడిగా పంపేటప్పుడు హక్కులు వదులుకునే కాగితం చదువుకోవడానికి 45 రోజులు, సంతకం చేశాక కూడా మనసు మార్చుకోవడానికి 7 రోజులు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. అలాంటి చట్టం లేని చోట కూడా కాపీ ఇంటికి తీసుకెళ్లి చదువుతానని అడగడం మీ హక్కు అనుకోండి. కాపీ ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకోకపోతే నాకు అనుమానం రెట్టింపవుతుంది.

కాగితంలో నా ఇష్టపూర్వకంగా రాజీనామా చేస్తున్నాను అని ఉందా, కంపెనీ మూసివేత కారణంగా అని ఉందా చూడండి. రాజీనామా అని ఉంటే కొన్ని దేశాల్లో నిరుద్యోగ భృతి పోతుంది, తొలగింపు పరిహారం పోతుంది, భవిష్యత్తులో కేసు వేసే దారి పోతుంది. పాత ప్రమాదాలు, వృత్తి రోగాల మీద క్లెయిములు కూడా వదులుకుంటున్నాననే వాక్యం చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉండవచ్చు. దాన్ని కొట్టేయించకుండా సంతకం వద్దు.

ఒక్కోసారి మొదటి ప్యాకేజీయే మంచిదవుతుంది, నిజమే. కంపెనీ దివాలాకు దగ్గర్లో ఉందని గట్టిగా అనిపిస్తే ఆలస్యం చేసినవాళ్లు నష్టపోతారు. అందుకే కంపెనీ ఆర్థిక పరిస్థితి చదవగలిగిన ఒక మనిషిని, యూనియన్ లాయరైనా సరే అకౌంటెంటైనా సరే, ముందే పట్టుకోవాలి.

ఫైనల్ సెటిల్‌మెంట్‌లో ఏమేం ఉండాలి?

ఆ రోజు వరకు జీతం, వాడని సెలవులు, ఓవర్‌టైమ్ బకాయి, నోటీసు కాలం జీతం, సర్వీసు పరిహారం, గ్రాట్యుటీ లాంటివి, బోనస్, భవిష్య నిధిలో కంపెనీ వాటా. సర్వీసు లెక్కలో ట్రైనీగా చేసిన కాలాన్ని, కంపెనీ పేరు మారకముందు చేసిన కాలాన్ని వదిలేయడం తరచుగా జరుగుతుంది. ఈ రంగంలో ఒకే ప్లాంటు మూడు నాలుగు చేతులు మారడం మామూలు కాబట్టి మొదటి అపాయింట్‌మెంట్ ఆర్డరు పారేయకుండా దాచుకోండి.

కంపెనీ దివాలా తీస్తే మా డబ్బు ఏమవుతుంది?

జీతం బకాయికి చాలా దేశాల్లో కొంత రక్షణ ఉంది. జర్మనీలో మూడు నెలల వరకు జీతాన్ని ఉపాధి సంస్థ చెల్లిస్తుంది. అమెరికా దివాలా కోర్టులో ఒక పరిమితి వరకు ఇటీవలి జీతానికి ప్రాధాన్యం ఉంటుంది. భారతదేశపు 2016 దివాలా చట్టంలో 24 నెలల కార్మిక బకాయిలను తాకట్టు ఉన్న అప్పులతో సమానంగా చూస్తారు. క్లెయిము ఫారం గడువులోపు వేయాలి. ఇల్లు మారితే మీ కొత్త చిరునామా దివాలా ప్రక్రియ చూసే అధికారికి తెలియజేయండి, లేకపోతే ఆ నోటీసు పాత తలుపు దగ్గరే ఆగిపోతుంది.

పింఛను సంగతి ఇంకా కఠినం. డెల్ఫై కథ చూడండి. ఒకప్పుడు జనరల్ మోటార్స్‌లోనే భాగం, 1999లో విడిపోయింది. 2005 అక్టోబరులో దివాలా దాఖలు చేసింది. మరుసటి ఏడాది అమెరికాలోని 29 ప్లాంట్లలో 21 మూసేయడమో అమ్మేయడమో చేస్తామంది. 2009లో పింఛను పథకాలను ప్రభుత్వ పింఛను బీమా సంస్థకు అప్పగించింది. ఆ సంస్థ చెల్లింపులకు చట్టం పెట్టిన గరిష్ఠ హద్దులున్నాయి. యునైటెడ్ ఆటో వర్కర్స్ యూనియన్ సభ్యులకు విడిపోయినప్పుడే రాయించుకున్న ఒప్పందం వల్ల ఆ తేడాను జనరల్ మోటార్స్ భర్తీ చేసింది. అలాంటి ఒప్పందం లేని నెల జీతం ఉద్యోగులు, సుమారు 20,000 మంది, చాలామంది పింఛనులో పెద్ద భాగం కోల్పోయి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. ఒకే కంపెనీలో, ఒకే కప్పు కింద పనిచేసినవాళ్ల మధ్య అంత తేడా తెచ్చింది పదేళ్ల ముందు రాయించుకున్న ఒక కాగితం. మీ విభాగాన్ని వేరే కంపెనీగా విడదీస్తున్నామని చెప్పిన రోజే పింఛనుకు హామీ ఎవరు అని అడగాలి.

మేం కాంట్రాక్టు కార్మికులం. మాకేమీ రాదా?

మొదట బయటికి పంపేది మిమ్మల్నే. ప్రకటనల్లో కనిపించే కోత సంఖ్యలో చాలాసార్లు మీరు ఉండరు కూడా. అది నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా అన్యాయంగా అనిపిస్తుంది. అయినా చేతులెత్తేయకండి. చాలా దేశాల్లో కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీ చెల్లించాలి. గేట్ పాసులు, హాజరు స్లిప్పులు, బ్యాంకులో పడిన జీతాల వివరాలు భద్రం చేసుకోండి. ఏళ్ల తరబడి పర్మనెంటువాళ్లు చేసే పనే చేశారని చూపించగలిగితే కొన్నిచోట్ల కోర్టులు మిమ్మల్ని కంపెనీ ఉద్యోగులుగానే చూస్తాయి. పర్మనెంటు కార్మికుల డిమాండ్ల కాగితంలో మీ పేరు ఉండేలా పట్టుబట్టండి. సమ్మె జరిగితే మీ అవసరం వాళ్లకూ ఉంటుంది.

అందరం కలిసి నిలబడితే మూసివేత ఆగుతుందా?

ఆగిన సందర్భాలు తక్కువ. షరతులు మారిన సందర్భాలు చాలా ఉన్నాయి. విడిభాగాల కార్మికుల బలం ఎక్కడుందంటే, కారుకు ఒక్క భాగం లేకపోయినా లైను ఆగుతుంది. 1998 జూన్, జూలై నెలల్లో అమెరికాలోని ఫ్లింట్ నగరంలో జనరల్ మోటార్స్ రెండు ప్లాంట్లలో, ఒకటి స్టాంపింగ్, ఇంకొకటి డెల్ఫై వాళ్ల విడిభాగాల ప్లాంటు, సుమారు 9,200 మంది 54 రోజులు సమ్మె చేస్తే ఉత్తర అమెరికాలో జనరల్ మోటార్స్ ఉత్పత్తి దాదాపు మొత్తం ఆగిపోయింది. ఆర్డరు ఇంకా మీ చేతిలో ఉన్నప్పుడే ఈ బలం ఉంటుంది.

ఆర్డరు పోయాక కూడా పోరాడి సాధించినవాళ్లున్నారు. 2009 మార్చి 31న విస్టియన్ బ్రిటన్ సంస్థ చేతులెత్తేసి, బెల్‌ఫాస్ట్, ఎన్‌ఫీల్డ్, బాసిల్డన్ ప్లాంట్ల కార్మికులను అదే రోజు ఇళ్లకు పంపేసింది. వాళ్లలో చాలామంది అంతకుముందు ఫోర్డ్ ఉద్యోగులు. విడదీసినప్పుడు ఫోర్డ్ షరతులే వర్తిస్తాయని వాళ్లకు మాట ఇచ్చారు. బెల్‌ఫాస్ట్‌లో ఫ్యాక్టరీని ఆక్రమించి వారాల తరబడి కదల్లేదు. చివరికి మొదట ఇస్తామన్న దానికన్నా చాలా మెరుగైన పరిహారం వచ్చింది. పింఛను కోసం యునైట్ యూనియన్ వేసిన కేసులో ఫోర్డ్ 2014లో 2.8 కోట్ల పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఐదేళ్లు పట్టింది. ఆ ఐదేళ్లూ జాబితాలు, పాత ఉత్తరాలు, సభ్యుల ఫోన్ నంబర్లు చెదరకుండా కాపాడినవాళ్ల వల్లే అది సాధ్యమైంది.

కొత్త యజమాని వస్తున్నాడు, ఉద్యోగాలు ఉంటాయంటున్నారు. నమ్మొచ్చా?

చేతిలో ఆర్డరు ఉన్న యజమాని అయితే నమ్మొచ్చు. స్థలం విలువ చూసి వచ్చినవాడైతే కష్టం. ఏ భాగం చేస్తారు, ఎవరికి అమ్ముతారు, మెషీన్లలో పెట్టుబడి ఎంత, ఎప్పటిలోపు, ఈ నాలుగింటికి రాతపూర్వక జవాబు అడగండి.

మా నైపుణ్యాలకు బయట విలువ ఉందా?

ఉంది, కానీ అందరికీ ఒకేలా లేదు. టూల్‌రూమ్ మనిషికి, ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసేవాడికి, మెషీన్లను నడిపించే పీఎల్‌సీ కంట్రోలర్ ప్రోగ్రాం అర్థమయ్యేవాడికి, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ల సెట్టర్‌కి, కొలతల గదిలో పనిచేసినవాళ్లకు వైద్య పరికరాలు, విమానాల విడిభాగాలు, ప్యాకింగ్ మెషీన్లు, పవన విద్యుత్తు, రైల్వే రంగాల్లో పని దొరుకుతుంది. విడిభాగాల రంగం నేర్పే క్రమశిక్షణ, అంటే లోపం కనిపిస్తే మూలకారణం దాకా వెళ్లడం, సరుకును లాట్ నంబరుతో వెతికి పట్టుకోవడం, చాలా పరిశ్రమల్లో దొరకదు. దాన్ని బయోడేటాలో ఆపరేటర్ అన్న ఒక్క ముక్కలో ముగించకండి. ఏ మెషీను, ఎంత టాలరెన్సు, ఎంతమందికి నేర్పారు అన్నీ రాయండి.

ఒకే అసెంబ్లీ స్టేషన్‌లో ఇరవై ఏళ్లు చేసినవాళ్లకు కష్టమే. వాళ్లకు నా సలహా, సర్టిఫికెట్ వచ్చే కోర్సు ఒకటి మూసివేతకు ముందే మొదలుపెట్టండి. ఖర్చు కంపెనీ పెట్టుకునేలా ప్యాకేజీలోనే అడగండి. జర్మనీలో తొలగించినవాళ్లను 12 నెలల వరకు ఒక ట్రాన్స్‌ఫర్ సంస్థలో ఉంచి, జీతంలో కొంత ఇస్తూ శిక్షణ ఇచ్చే పద్ధతి ఉంది. అడగడానికి అది మంచి నమూనా.

జీతం విషయంలో మాత్రం ఆశలు పెంచను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో జాకబ్‌సన్, లాలాండ్, సలివన్ అనే ఆర్థికవేత్తలు చేసి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, దీర్ఘకాలం పనిచేసి కొలువు పోగొట్టుకున్నవాళ్లు ఐదారేళ్ల తర్వాత కూడా అంతకుముందు వచ్చేదానికన్నా దాదాపు నాలుగో వంతు తక్కువే సంపాదిస్తున్నారని తేలింది. అందుకే పరిహారం డబ్బును ఒకేసారి అప్పు తీర్చడానికో, కొత్త వ్యాపారానికో పెట్టేయకుండా, తగ్గిన జీతానికి తోడుగా కొన్నేళ్లు లాగేలా చూసుకోండి.

ఇంట్లో చెప్పలేకపోతున్నాను. నిద్ర పట్టడం లేదు.

చెప్పండి. ఇవాళే చెప్పండి. రోజూ షిఫ్టు టైముకి టిఫిన్ బాక్సు పట్టుకుని బయటికి వెళ్లి సాయంత్రం వచ్చేవాళ్లను నేను ఎరుగుదును. ఆ టెన్షన్ ఉద్యోగం పోయిన బాధకన్నా ఎక్కువగా మనిషిని తినేస్తుంది. పైగా ఖర్చులు తగ్గించుకోవాల్సిన నెలలన్నీ ఇంట్లోవాళ్లకు తెలియకుండా గడిచిపోతాయి.

ఇది మనసు గట్టిగా లేనివాళ్ల సమస్య అనుకోకండి. సలివన్, వాన్ వాక్టర్ 2009లో ప్రచురించిన పరిశోధనలో, మూకుమ్మడి తొలగింపుల్లో ఉద్యోగం పోయిన సీనియర్ పురుష కార్మికుల్లో మరుసటి ఏడాది మరణాల రేటు 50 నుంచి 100 శాతం ఎక్కువగా కనిపించింది. అంటే ఇది ఆరోగ్య సమస్య, డాక్టరుకు చెప్పాల్సిన సంగతి. బీపీ, షుగరు మందులు వాడేవాళ్లు కంపెనీ బీమా ఏ తేదీ వరకు ఉంటుందో కనుక్కుని ఆలోగా పరీక్షలు చేయించుకోండి. తాగుడు పెరుగుతోందనిపించినా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా ఒంటరిగా ఉండొద్దు. తోటి కార్మికుడికి ఫోన్ చేయండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. యూనియన్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. గేటు మూసిన తర్వాత ఆరు నెలలపాటు ఎవరెవరు ఫోన్ ఎత్తడం లేదో గమనించే బాధ్యత ఇద్దరు ముగ్గురికి పేరుపెట్టి అప్పగించండి.

మాది ఆ ఫ్యాక్టరీకి భాగాలు సరఫరా చేసే చిన్న వర్క్‌షాప్. మా పరిస్థితి?

ముందు రావాల్సిన బిల్లులు చూడండి. పెద్ద కంపెనీ 60, 90 రోజులకు డబ్బిచ్చే అలవాటుంటే, అది దివాలా తీసిన రోజున మీ మూడు నెలల పని దాని దగ్గర ఇరుక్కుపోతుంది. అనుమానం రాగానే క్రెడిట్ రోజులు తగ్గించమని అడగండి, సరుకు చిన్న లాట్లలో పంపండి. మీ దగ్గరున్న డైలు ఎవరివో కాగితం మీద తేల్చుకోండి. ఒకే కస్టమర్ మీద సగానికి పైగా వ్యాపారం ఆధారపడి ఉంటే ఇవాళ్టి నుంచే ఇంకొకరిని వెతకడం మొదలుపెట్టండి.

ఆ కంపెనీ మూతపడితే నా కారుకు స్పేర్లు దొరుకుతాయా?

సాధారణంగా దొరుకుతాయి. డైలు వేరేచోటికి పోతాయి గానీ తయారీ ఆగదు.

మూసివేత ఖాయమైంది, మూడు నెలల టైముంది. మొదట ఏం చేయాలి?

అనుభవ ధ్రువపత్రం హెచ్‌ఆర్‌లో మనుషులు ఉన్నప్పుడే రాయించుకోండి. మూసిన తర్వాత సంతకం చేసేవాళ్లు దొరకరు. జీతం స్లిప్పులు, శిక్షణ సర్టిఫికెట్లు, క్రేన్, ఫోర్క్‌లిఫ్ట్, వెల్డింగ్ లైసెన్సుల కాపీలు తీసుకోండి. కంపెనీ ఈమెయిల్‌లో ఉన్న మీ సొంత కాగితాలు బయటికి తెచ్చుకోండి, డ్రాయింగులు మాత్రం ముట్టుకోవద్దు.

ఎవరూ గుర్తుచేయని పని ఇంకొకటుంది. ప్రెస్ షాప్‌లో పనిచేసినవాళ్లు చెవుల పరీక్ష, ఫౌండ్రీలో ఇసుక దుమ్ములో ఉన్నవాళ్లు, పెయింట్, ఫోమ్ విభాగాల్లో ఉన్నవాళ్లు, పాత ఆస్‌బెస్టాస్ బ్రేక్ లైనింగుల మీద పనిచేసినవాళ్లు ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకుని రిపోర్టు దగ్గర పెట్టుకోండి. ఇన్నేళ్లూ కంపెనీ చేయించిన వార్షిక వైద్య పరీక్షల రికార్డుల కాపీ రాతపూర్వకంగా అడగండి, ఏ విభాగంలో ఎన్నేళ్లు చేశారో ఉత్తరం తీసుకోండి. ఆస్‌బెస్టాస్ జబ్బులు ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్ల తర్వాత బయటపడతాయి. అప్పటికి ఆ ఫ్యాక్టరీ స్థలంలో ఇంకేదో ఉంటుంది, క్లెయిము వేసేటప్పుడు మీరు అక్కడ పనిచేశారని చెప్పేది ఆ ఉత్తరం ఒక్కటే.